జంకస్ దుబ్బు విడదీయాలంటే మృగశిర దాకా ఆగండి

మా మిద్దె మీద నీళ్ల ట్యాంకు పక్కన, మధ్యాహ్నం పన్నెండు దాటితే నీడ పడే మూలలో, ఒక నల్ల ప్లాస్టిక్ టబ్బు ఉంది. అందులో ఉన్నది జంకస్, తడినేలలో గడ్డిలా దుబ్బుకట్టే మొక్క, అదీ కాడలన్నీ స్ప్రింగుల్లా మెలికలు తిరిగే రకం. మూడేళ్ల కింద ఒక్క కుండీ కొన్నాను, ట్యాగు మీద కార్క్‌స్క్రూ రష్ అని ఉంది. ఇప్పుడు మా ఇంట్లో నాలుగు కుండీలున్నాయి, పైఅంతస్తు ఆంటీ దగ్గర ఒకటి, మా అమ్మ దగ్గర ఊళ్లో ఒకటి. అన్నీ ఆ ఒక్క దుబ్బు పిల్లలే.

ఈ మొక్కను ఒకటికి నాలుగు చేయడానికి దుబ్బును విడదీయడం తప్ప నాకు వేరే దారి కనిపించలేదు. గింజలు చాలా వేస్తుంది, పొడిలాగా ఉంటాయి, కానీ గింజ నుంచి వచ్చినవన్నీ మెలిక తిరుగుతాయన్న నమ్మకం లేదు, నిటారుగా మామూలు గడ్డిలా లేచేవి బోలెడు ఉంటాయి. తల్లి ఎలా ఉందో పిల్ల అలాగే ఉండాలంటే దుబ్బును చీల్చాల్సిందే.

మొదటిసారి నేను చేసింది మార్చి చివర, ఉగాదికి కొంచెం ముందు. నేను చదివిన ప్రతి చోటా వసంతంలో విడదీయమనే ఉంది. ఆ రాతలన్నీ చలిదేశాలవి, అక్కడ వసంతం అంటే మంచు కరిగి నేల తడిగా ఉండి, ముందు నాలుగు నెలలు చల్లగా వేరూనుకోవడానికి టైమ్ ఉంటుంది. మన హైదరాబాద్‌లో మార్చి చివర అంటే ఇంకో నెలలో నలభై డిగ్రీలు. కొత్తగా తెగిన వేరు నీళ్లు లాగే లోపే కాడలు పైనుంచి ఎండుకుంటూ వచ్చాయి, టబ్బులో నీళ్లు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత వేడెక్కాయి, చేసిన నాలుగు ముక్కల్లో మూడు పోయాయి. ఆ మూడూ చూసి చాలా బాధపడ్డాను. మొక్క తప్పు కాదు, మట్టి తప్పు కాదు, నెల తప్పు. అందుకే ఇది రాస్తున్నాను. మనకు వసంతం జూన్‌లో వస్తుందనుకోండి. మృగశిర కార్తె మొదలై, రెండు మంచి వానలు పడి, మిద్దె గచ్చు సాయంత్రానికి చల్లబడుతుంది చూడండి, అప్పుడు. జూన్ రెండో వారం నుంచి జూలై చివరి దాకా ఎప్పుడైనా పర్వాలేదు.

బతికిన ఆ ఒక్క ముక్కా టబ్బు నిండా అయ్యాక, పోయిన ఏడాది వానల్లో మళ్లీ పట్టుకున్నాను. అప్పుడు అమ్మ మా ఇంట్లోనే ఉంది. టబ్బు చూసి, "ఇది తుంగ కాదా బిడ్డా? పొలంల దీన్ని పీకలేక నడుములు పోయినయి, నువ్వు పైసలు పెట్టి కొన్నవా?" అంది. తుంగ కాదమ్మా అని ఒక కాడ తెంపి చేతిలో పెట్టాను. రెండు వేళ్ల మధ్య దొర్లించి చూసి, "అవునే, గుండ్రంగున్నది" అంది. తుంగ కాడను అలా దొర్లిస్తే మూడు అంచులు వేలికి తగులుతాయి, జంకస్ కాడ పెన్సిల్ లీడులా నున్నగా తిరుగుతుంది. ఎండిన కాడను నిలువునా చీలిస్తే లోపల తెల్లటి బెండు ఉంటుంది, పెళ్లి బాసికాలకు వాడే జీలుగు బెండులాంటిదే, ఇంకా మెత్తగా. బురదలో వేళ్లకు గాలి అందదు కదా, ఆ బెండులోని ఖాళీల గుండానే పైగాలి కిందికి దిగుతుంది. యూరప్‌లో ఒకప్పుడు ఈ బెండును కొవ్వులో ముంచి దీపాలు వెలిగించుకునేవాళ్లు. జపాన్‌లో ఇళ్లలో నేలమీద పరిచే తతామి చాపల పైపొర నేసేదీ ఒక రకం జంకస్‌తోనే. ఇది చెప్తే అమ్మ, మన తుంగచాపలాగనా అని అడిగింది.

ఇక పని. నేను కత్తి తీసుకుని కూర్చున్నాను. అమ్మ ఆపింది. దుబ్బును టబ్బులోంచి బోర్లించి, పైపుతో మట్టంతా కడిగించింది, వేళ్లు తెల్లగా కనిపించే దాకా. వరి దుబ్బు ఎక్కడ విడిపోతుందో చూసినట్టే చూసింది. బయటి అంచు చుట్టూ లేత పిలకలు, ఒక్కో దాని మొదట్లో తెల్లగా సూదిలాంటి మొన. నడిమధ్యలో మాత్రం గోధుమరంగులో ఎండిన ముదురు కాడలు, వేళ్లు నల్లబడి పట్టుకుంటే పొట్టులా రాలిపోతున్నాయి. పాతబడిన జంకస్ దుబ్బు నడుమ ఇలాగే బోడి అవుతుంది, కొత్త పిలకలన్నీ బయటికే జరుగుతాయి. ఆ నడుమ భాగాన్ని దాచుకోవాలని చూడొద్దు, కంపోస్టులో వేసేయండి. అమ్మ రెండు బొటనవేళ్లూ దుబ్బులోకి దించి మెల్లగా ఇటూ అటూ ఊపితే సగం దానంతటదే వీడింది. వీడనిచోట మాత్రమే కత్తి పెట్టాం, పళ్లున్న పాత బ్రెడ్డు కత్తి, అడ్డంగా కాకుండా నిలువుగా.

ముక్క ఎంతుండాలి అన్నదాని దగ్గరే చాలామంది ఆశపడతారు. మూడు కాడలతో పది ముక్కలు చేస్తే పదీ మూలుగుతూ ఉంటాయి. పిడికిట్లో నిండుగా పట్టేంత, ఎనిమిది పది పచ్చి కాడలు, వాటికి సరిపడా తెల్ల వేరు ఉండేలా చేస్తే కుదురుకుంటాయి. మాకు ఆరు ముక్కలు వచ్చాయి. చేస్తున్నంతసేపూ మిగతావి తడి గోనెసంచిలో చుట్టి పెట్టాలి, పది నిమిషాలు ఎండలో ఉన్నా వేళ్ల కొసలు మాడతాయి.

పైన కాడలు జానెడు ఉంచి కత్తిరించాం. దీనికి పూత దగ్గరిది తప్ప ఆకులంటూ వేరే లేవు, ఆ పచ్చి కాడలే ఆకుల పని చేస్తాయి, కాబట్టి నున్నగా గొరిగేయకూడదు. కోసిన కాడ మళ్లీ పెరగదు, కొత్తది మొదట్లోంచే రావాలి. ఇంకో మాట, కోసిన కొసలు నీళ్లలో మునగకూడదు, బెండులోకి నీళ్లు దిగితే గాలి దారి మూసుకుపోయి కుళ్లు పడుతుంది.

మట్టి విషయంలో పెద్ద హంగామా వద్దు. ఎర్రమట్టి, అందులో కాస్త బంక ఉన్నది, గుప్పెడు వర్మీ కంపోస్టు. కోకోపీట్ వద్దు, నీళ్లు పోయగానే పైకి తేలుతుంది. ఎరువు ఎక్కువైతే నీళ్లు పచ్చబడి వాసనొస్తాయి. మొక్క ఇదివరకు మట్టిలో ఎంత లోతున ఉందో అంతే లోతున పెట్టి, పైన ఒక వేలు మందం ముతక ఇసుక పరిచాను. మొదటి రెండు వారాలు నీళ్లు నిలవనివ్వలేదు, అడుగున రంధ్రమున్న కుండీలను నీళ్ల పళ్లెంలో పెట్టి బురద బురదగా ఉంచానంతే. నీటిమొక్కే కదా అని మొదటిరోజే ముంచేస్తే తెగిన వేరు కుళ్లుతుంది. కొత్త మొనలు కనిపించాక రంధ్రంలేని టబ్బుల్లోకి మార్చి అంగుళం నీళ్లు నిలిపాను. వాననీళ్లు దొరికితే అంతకంటే మంచిది లేదు, మా బోరు నీళ్లతో టబ్బు అంచు చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుంటుంది.

దోమల గురించి తప్పకుండా చెప్పాలి. వానాకాలం, నిలవ నీళ్లు, పైగా డెంగీ టెన్షన్. చిన్న కుండీల్లో వారానికోసారి నీళ్లు పూర్తిగా పారబోసి మార్చాలి, దోమపిల్ల పెద్దదయ్యే టైమ్ ఇవ్వకూడదు. పెద్ద టబ్బులో నాలుగు గప్పీ చేపలు వేశాను, ఒక్క పురుగు కనిపించదు. మిగిలిపోయిన ముక్కలను మాత్రం దయచేసి చెరువులో, నాలాలో వేయకండి. మన చెరువుల్లో గుర్రపుడెక్క చేసింది చూస్తూనే ఉన్నాం. పూత రాగానే కత్తిరించడం కూడా అలవాటు చేసుకోండి. పూత కాడ మధ్యలో పక్కనుంచి పొడుచుకొచ్చినట్టు గోధుమరంగు చిన్న కుచ్చులా ఉంటుంది, నిజానికి కాడ అక్కడితోనే అయిపోతుంది, దాని పైన కనిపించేది పూతకు అంటుకున్న ఆకే.

ఇదే పద్ధతిలో వస కూడా విడదీశాను. అది ఇంకా సులువు, దుంప బురదమీద అడ్డంగా పాకుతుంది, కణుపుకో మొలక ఉండేలా కోసి పెడితే చాలు, కోసినప్పుడు ఆ వాసనకే మిద్దె మీద కాసేపు కూర్చోవాలనిపిస్తుంది. గొడుగు తుంగకైతే దుబ్బు జోలికే వెళ్లక్కర్లేదు. పైన గొడుగులా విచ్చుకున్న తలను రెండంగుళాల కాడతో కోసి, ఆకులు సగానికి కత్తిరించి, తలకిందులుగా గ్లాసు నీళ్లలో పెడితే రెండు మూడు వారాల్లో గొడుగు నడుమ నుంచి వేళ్లొస్తాయి.

ఆరు ముక్కలూ బతికాయి. ఆగస్టు మొదటి వారానికి ఒక్కో దాంట్లో నాలుగైదు కొత్త మెలికలు లేచాయి. ఒక కుండీలో మాత్రం రెండు కాడలు తిన్నగా కర్రలా వచ్చాయి, వాటిని మొదలంటా తీసేశాను, వదిలేస్తే బలంగా పెరిగి మెలికల వాటిని తొక్కేస్తాయి. అమ్మ తన ముక్కను ఊళ్లో బోరింగ్ పక్కన అంచు విరిగిన గోళెంలో పెట్టింది. ఫోన్ చేసినప్పుడల్లా దాని సంగతే ముందు చెప్తుంది, ఈ జూన్‌లో ఇంకో రెండు చేస్తుందట.