నా టెర్మినల్ ప్రాంప్ట్‌కు రంగులు వేసిన సంగతి

పని చేసేటప్పుడు నా దగ్గర ఎప్పుడూ మూడు నాలుగు టెర్మినళ్లు (కమాండ్లు టైప్ చేసే విండోలు) తెరిచే ఉంటాయి. ఒకటి లాప్‌టాప్‌ది, ఒకటి టెస్ట్ సర్వర్‌ది, ఇంకోటి ప్రొడక్షన్‌ది, అంటే అసలు యూజర్లు వాడే సర్వర్‌ది. సర్వర్ల పేర్లు చివరి అంకె తప్ప అన్నీ ఒకేలా ఉంటాయి. ఏదైనా డిలీట్ చేయాలంటే ప్రతిసారీ టెన్షనే. ఎక్కడున్నానో చదవకుండానే తెలిసిపోవాలని ప్రాంప్ట్‌ను, అంటే కమాండ్ టైప్ చేసే చోటుకు ముందు కనబడే చిన్న రాతను, మార్చడం మొదలుపెట్టాను.

బాష్‌లో, అంటే టెర్మినల్‌లో మన కమాండ్లను నడిపే షెల్ ప్రోగ్రామ్‌లో, ప్రాంప్ట్ రూపం పీఎస్1 అనే వేరియబుల్‌లో ఉంటుంది. బ్యాక్‌స్లాష్ పక్కన యు పెడితే యూజర్ పేరు, హెచ్ పెడితే మెషీన్ పేరు, చిన్న డబ్ల్యు పెడితే మనమున్న డైరెక్టరీ వస్తాయి. ముందు టెర్మినల్‌లోనే టైప్ చేసి చూశాను. నచ్చకపోతే విండో మూసేస్తే సరి. కుదిరాకే, బాష్ మొదలయ్యేటప్పుడు చదివే డాట్ బాష్‌ఆర్‌సీ ఫైల్‌లో రాశాను.

రంగుల కోడ్‌లు తేలికే: 31 ఎరుపు, 32 ఆకుపచ్చ, 33 పసుపు. ప్రొడక్షన్‌కు ఎరుపు ఇచ్చాను. అసలు తలనొప్పి ఆ తర్వాతే. కమాండ్ పొడవు పెరిగితే కింది లైనుకు దిగకుండా అదే లైను మొదటికొచ్చి ప్రాంప్ట్ మీదే అక్షరాలు పడేవి. కారణం ఏంటంటే, తెర మీద కనబడని ఆ రంగు కోడ్‌ల అక్షరాలను కూడా బాష్ వెడల్పులో లెక్కేస్తుంది. ప్రతి రంగు కోడ్‌కూ ముందు బ్యాక్‌స్లాష్‌తో తెరిచే చతురస్ర బ్రాకెట్, వెనక బ్యాక్‌స్లాష్‌తో మూసే బ్రాకెట్ పెడితే లెక్క సరిపోయింది.

అంతకుముందు ఇచ్చిన కమాండ్ ఫెయిలైతే దాని ఎగ్జిట్ కోడ్ (ఫెయిలైందని చెప్పే అంకె) కూడా కనబడాలనుకున్నాను. అది డాలర్, ప్రశ్నార్థకం కలిపిన వేరియబుల్‌లో ఉంటుంది. పీఎస్1 విలువను డబుల్ కోట్స్‌లో రాస్తే సెట్ చేసిన క్షణంలోని అంకే అతుక్కుపోతుంది, అందుకే సింగిల్ కోట్స్ వాడాలి. గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్)లో నేనున్న బ్రాంచ్, అంటే కోడ్ శాఖ, పేరు చూపించడానికి గిట్‌తో వచ్చే స్క్రిప్ట్‌నే వాడుకున్నాను. ఫైళ్లు మారాయో లేదో చూపించే సౌకర్యం కూడా అందులో ఉంది కానీ, మా పెద్ద రిపోజిటరీలో (గిట్‌లో ప్రాజెక్ట్ కోడ్ ఉండే చోటు) ఎంటర్ కొట్టినప్పుడల్లా ఆగుతోందని తీసేశాను. బ్యాటరీ శాతం, వాతావరణం కూడా ప్రాంప్ట్‌లో పెట్టుకునేవాళ్లున్నారు. నాకది పెళ్లింటి సీరియల్ లైట్లలా అనిపిస్తుంది.

2019లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ కాటలీనా నుంచి మ్యాక్‌లో కొత్త అకౌంట్లకు బాష్ బదులు జీషెల్ అనే ఇంకో షెల్లే డిఫాల్ట్. అక్కడ బ్యాక్‌స్లాష్‌ల బదులు పర్సెంట్ గుర్తులు. రంగులకు దాని సొంత గుర్తులు వాడితే బ్రాకెట్ల గొడవే లేదు.