న్గోరోంగోరో నుంచి నేట్రాన్ దాకా కాలినడకన

జీపు సఫారీలో సింహాలు దగ్గరగా కనిపిస్తాయి, నిజమే. కానీ ఉత్తర టాంజానియాను నడిచి చూడాలి. మేం న్గోరోంగోరో సంరక్షిత ప్రాంతం నుంచి నేట్రాన్ సరస్సు దాకా నడిచాం. దారిలో ఏనుగు లద్దె కనిపిస్తే మా గైడ్, ఇక్కడి పశువుల కాపరుల తెగ మసాయిలవాడు, వేళ్లతో నొక్కి చూశాడు. లోపల ఇంకా వెచ్చగా ఉంది. వెంటనే మమ్మల్ని పక్క వాగు మీదుగా తిప్పాడు. ముందు తుపాకీతో రేంజర్, వెనక మా గుడారాలు మోస్తూ గాడిదలు. ఎంపకాయ్ అగ్నిపర్వత బిలం అంచు నుంచి చూస్తే అడుగున సరస్సు, దాని ఒడ్డంతా గులాబీ రంగు ఫ్లెమింగోలు.

సాయంత్రం ఒక బోమాలో, అంటే మసాయిల నివాసంలో ఆగాం. ముళ్లకంప ఆవరణ, మధ్యలో ఆవుల దొడ్డి. మట్టి, పేడ మెత్తి ఇళ్లు కట్టేది ఆడవాళ్లే. ఒక పెద్దమ్మ సొరబుర్రలోంచి పాలు పోసింది. బుర్ర లోపలంతా కాల్చిన కొరివితో రుద్దుతారట, ఆ పొగవాసన పాలకు పట్టింది. మా అనంతపురం అవ్వ దాలిగుంట మీద కాచిన పాలే గుర్తొచ్చాయి.

వన్యప్రాణుల రక్షణ పేరుతో 1959లో సెరెంగెటి జాతీయ పార్కు నుంచి మసాయిలను ఇటు న్గోరోంగోరోకు పంపారు. 2022 నుంచి ఇక్కడివాళ్లను మళ్లీ అదే పేరుతో దూరాన ఉన్న మ్సోమెరా ఊరికి తరలిస్తున్నారు. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది. వేటమాంసానికి దూరంగా ఉండే సంప్రదాయం వీళ్లది. వాళ్ల ఆవుల పక్కనే జీబ్రాలు బెదరకుండా మేయడం నేను కళ్లారా చూశాను.

వెళ్లేవాళ్లు జూన్, అక్టోబర్ మధ్య పొడికాలంలో వెళ్లండి. మసాయి గైడ్‌నే పెట్టుకోండి. ఫొటో తీసేముందు అడగండి.