కనుమకి రెండు పట్టెడలు: తోలు మీద గీత నేర్చుకున్న నా అనుభవం

మా ఇంట్లో ఒక జత ఒంగోలు ఎద్దులున్నాయి. దున్నకం అంతా ట్రాక్టర్ చేతికి పోయినా నాన్న వాటిని అమ్మలేదు. ఎలపట ఎద్దు (కాడికి కుడివైపు కట్టేది) మెడలో తాతగారి నాటి మువ్వల పట్టెడ ఉండేది. ఎండి బీటలు వారిన ఆ తోలు ఒక కనుమ నాడు బకిల్ దగ్గర పుటుక్కున తెగింది. దాని బదులు బజార్లో దొరికిన నైలాన్ పట్టీ కట్టాం. రెండు నెలలు తిరక్కుండానే మెడ మీద వెంట్రుక ఊడి చర్మం ఎర్రబడింది. మళ్లీ కనుమ వచ్చేలోపు రెండు ఎద్దులకీ తోలుతో, నా చేత్తో పట్టెడలు చెయ్యాలని అప్పుడే అనుకున్నాను.

ముందు పాత పట్టెడని బల్ల మీద పరిచి చూశాను. రెండు అంచుల వెంబడీ ఒక నూలు లోపలికి (వడ్రంగులు చెప్పే నూలు, అంగుళంలో ఎనిమిదో వంతు) సన్నటి నల్లని గీత. మధ్యలో వరసగా మామిడి పిందెలు. మువ్వలు సగం రాలిపోయాయి, కుట్టు వదిలింది, తోలు బిగుసుకుపోయింది. గీత మాత్రం వేలి గోరు పెడితే ఇప్పటికీ తగులుతోంది. ఇన్నేళ్లు అది ఎలా నిలిచింది? నాకు అసలు ఆసక్తి పుట్టింది ఆ ప్రశ్న దగ్గరే.

మొదటి తప్పు తోలు కొనడంలోనే జరిగింది. చెప్పుల సామాన్లు అమ్మే కొట్లో మెత్తగా ఉందని ఒక ముక్క తెచ్చాను. ఎంత గట్టిగా నొక్కినా అచ్చు పడడం లేదు, స్పంజిలా మళ్లీ పైకి లేస్తోంది. కోసిన అంచు చూస్తే లోపల నీలం కలిసిన బూడిద రంగు. అది క్రోమ్‌తో శుద్ధి చేసిన తోలు. గీత పట్టేది చెట్ల బెరడు, కాయలతో శుద్ధి చేసిన తోలే. మన వైపు పూర్వం తంగేడు చెక్క, కరక్కాయ వాడేవాళ్లు. అలాంటి తోలు అంచు లోపలిదాకా గోధుమ రంగులో ఉంటుంది. నీటి చుక్క వేస్తే పీల్చుకుని వెంటనే ముదురు రంగుకి తిరుగుతుంది.

రైలెక్కి చెన్నై వెళ్లాను. సెంట్రల్ స్టేషన్ పక్కనే పెరియమెట్, తోలు వ్యాపారం అంతా అక్కడే. నాలుగు మిల్లీమీటర్ల మందం ఉన్న గేదె తోలు, అదీ వీపు భాగం అడిగి తీసుకున్నాను. పొట్ట భాగం చవగ్గా వస్తుంది కానీ సాగిపోతుంది, మెడ పట్టెడకి పనికిరాదు.

పనిముట్ల సంగతి తెలుసుకోవడానికి చాలా రోజులు చదివాను. ఇంగ్లండ్‌లో వాల్సాల్ అనే ఊరు జీనుల తయారీకి పెట్టింది పేరు. అక్కడి ఫుట్‌బాల్ జట్టుని ఇప్పటికీ ‘సాడ్లర్స్’ అనే పిలుస్తారు. మన దేశంలో కాన్పూర్‌లో 1860లలోనే సైన్యం గుర్రాలకి జీనులు, పట్టీలు చేసే ప్రభుత్వ కర్మాగారం ఉంది. పట్టీ అలంకరణకి అక్కడైనా ఇక్కడైనా కావలసిన సామాను కొంచెమే: అంచు చెక్కే బెవెలర్, గీత తీసే క్రీజర్, కుట్టు వరస గుర్తుపెట్టే ప్రికింగ్ ఐరన్, అచ్చులు, డివైడర్. మూడు ఆన్‌లైన్‌లో తెప్పించాను. అచ్చులు మాత్రం ఊళ్లో బంగారం పని చేసే ఆచారి గారి చేత ఇత్తడితో చేయించాను.

వాటిని వాడడం నేర్పింది ఒంగోలులో చెప్పులు కుట్టే ఒక పెద్దాయన. వయసులో ఉన్నప్పుడు జట్కా గుర్రాలకి కళ్లేలు, పట్టీలు చేసిన మనిషి. వారానికి రెండు పూటలు నా కోసం కేటాయించమని అడిగి, ఆ పూటల కూలి ఇచ్చి నేర్చుకున్నాను. ఆయన దగ్గర రంపె (తోలు కోసే కత్తి), ఆరె (చిల్లు పొడిచే మొన), నున్నటి రాయి ఉన్నాయి. వాటితోపాటు మొనకి చిన్న గాడి కోసిన గేదె కొమ్ము ముక్క ఉంది. అదే ఆయన క్రీజర్. గాడిలో ఒక పెదవి పట్టీ అంచుని ఆనుకుని నడుస్తుంది, రెండోది తోలు మీద గీత తీస్తుంది. నేను తెప్పించిన ఇనప క్రీజర్ చేసే పని కూడా సరిగ్గా ఇదే. మరతో రెండు కాళ్ల మధ్య దూరం మార్చుకోవచ్చు, తేడా అంతే.

“తాతా, గీత తీస్తుంటే తోలు చీరుకుపోతోంది” అని మొదటి రోజు ఆయనకి చూపించాను.

“తడి ఎక్కువైందమ్మా. చెంపకి ఆనించి చూడు” అన్నారు.

ఈ ఒక్క మాట నాకు నెల రోజుల పని తప్పించింది. స్పంజితో తడిపిన వెంటనే తోలు ముదురు రంగుకి తిరుగుతుంది. అప్పుడు ముట్టుకోకూడదు. రంగు మెల్లగా మళ్లీ తేలుతూ, ఇంచుమించు పొడి తోలు రంగుకి వస్తుంది. చెంపకి ఆనిస్తే మాత్రం ఇంకా చల్లగా తగులుతుంది. పనిముట్టు పెట్టాల్సిన సమయం అదే. ముందే పెడితే గీత బురదలో గీసినట్టు పూడిపోతుంది, ఆలస్యమైతే అసలు పడదు. తడిపి ప్లాస్టిక్ కవర్లో చుట్టి రాత్రంతా ఉంచమని చదివాను, అది నిజంగానే మంచి పద్ధతి. కానీ మా ఎండకి కవర్ విప్పాక పది నిమిషాల్లో ఆరిపోతోంది. అందుకని అర పట్టీ మీదే పని చేస్తూ, మిగతా సగాన్ని కవర్లోనే ఉంచేదాన్ని.

గీత ఒక్కసారి తీస్తే సరిపోదు. మొదట తడి మీద తేలిగ్గా, దారి చూపించడానికి. తరువాత కొంచెం బలంగా. చివరికి తోలు ఆరాక, క్రీజర్‌ని స్పిరిట్ దీపం మీద వేడి చేసి మూడోసారి. ఆ వేడికే గీత ముదిరి, నిగనిగలాడుతూ నిలిచిపోతుంది. పాత పట్టెడలో నా గోటికి తగిలింది ఈ మూడో గీతే. కిరోసిన్ దీపం పనికిరాదు, మసి అంటుతుంది. వేడి చూసుకోకుండా నేను నేరుగా పట్టీ మీద పెట్టిన చోట సన్నగా పొగ లేచి, తోలు పెళుసైపోయింది. ప్రతిసారీ ముందు తునక మీద లాగి, రంగు ముదిరితే సరే, పొగ వస్తే ఆగాలి అని అప్పటి నుంచీ పాటించాను.

ఇంకో పొరపాటు తడి తోలు మీద ఇనప స్కేలు వదిలెయ్యడం. తెల్లారేసరికి దాని పొడవునా నీలి నలుపు మరక. తోలులోని కరక్కాయ లాంటి వగరుకీ ఇనుముకీ పడదు. కలంకారీ వాళ్లు కరక్కాయ పట్టించిన బట్ట మీద ఇనప తుప్పు, బెల్లం ఊరిన నీళ్లతో నల్లగీత తెప్పించేది ఈ గుణంతోనే. ఇక్కడ అది అక్కర్లేని చోట వచ్చింది. నిమ్మరసం రాసి, తడిబట్టతో తుడిస్తే చాలావరకు పోయింది. అచ్చులు ఇత్తడితో చేయించినందుకు ఆ రోజు చాలా సంతోషించాను.

మామిడి పిందెల దగ్గర ఎక్కువ రోజులు పట్టింది. పట్టెడలో అలంకరించాల్సిన భాగం 36 అంగుళాలు, ముప్పావు అంగుళానికి ఒక పిందె, మొత్తం 48. డివైడర్‌తో ఒక కొస నుంచి అడుగులు వేసుకుంటూ పోతే, అడుగుకి అర మిల్లీమీటరు తేడా వచ్చినా 48 అడుగులకి 24 మిల్లీమీటర్లు, దాదాపు అంగుళం. తునక మీద వేసినప్పుడు నాకు సరిగ్గా అలాగే చివరి పిందె సగమే పట్టింది. తరువాత మధ్య నుంచి కొలవడం మొదలుపెట్టాను. 36ని 18, 18ని 9, 9ని నాలుగున్నర చేసి, ఆ నాలుగున్నరలో ఆరేసి అడుగులు. తేడా వచ్చినా ఆ ముక్కలోనే ఆగిపోతుంది.

గుర్తులు పెట్టుకున్నాక తట్టింది. పిందె కొస ఒక పక్కకే వంగి ఉంటుంది. గొంతు కింద నడుమ నుంచి రెండు వైపులా ఒకదానికొకటి ఎదురుగా ఉండాలంటే ఒక అచ్చు చాలదు, అద్దంలో కనిపించినట్టు తిరగేసిన రెండోది కావాలి. ఆచారి గారు విసుక్కోకుండా చేసిచ్చారు. వాటికి ఎలపట (కుడి) అచ్చు, దాపట (ఎడమ) అచ్చు అని పేర్లు పెట్టుకున్నాను. ఒక్కో పట్టెడకి ఒక్కోటి 24 సార్లు.

కింద చీమకుర్తి గ్రానైట్ పలక ముక్క, చేతిలో చింత కర్ర గూటం. అచ్చుని నిటారుగా నిలిపి ఒకే దెబ్బ. రెండో దెబ్బ వేస్తే అచ్చు కదిలి పిందెకి నీడ వస్తుంది. బకిల్ కోసం మడిచే చోటా, చిల్లులు పడే చోటా అచ్చు వెయ్యొద్దని తాత ముందే చెప్పారు, బలమంతా పడేది అక్కడే కాబట్టి.

కుట్టు గురించి ఒక్క సంగతి. ప్రికింగ్ ఐరన్ పళ్లని సుత్తితో అవతలి దాకా దింపేశాను. పోస్టల్ స్టాంపుల మధ్య చిల్లుల వరసలా తయారై, చేత్తో లాగితే ఆ వెంబడే చిరిగింది. అదృష్టం, అది సాధన ముక్క. ఆ పళ్లు గుర్తు పెట్టడానికే, చిల్లు చెయ్యాల్సింది ఆరె. మైనం పట్టించిన ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు, ఒకే చిల్లులోంచి అటూ ఇటూ. ఒక పోగు తెగినా రెండోది పట్టుకుని ఉంటుంది. అంచులు చెక్కి, తడి బట్టతో రుద్ది, మైనం పట్టించి, పాత మువ్వల్లో బాగున్నవి ఏరి కుట్టేసరికి భోగి వచ్చేసింది.

కనుమ పొద్దున నాన్న ఎద్దుల్ని కడిగి, కొమ్ములకి రంగు వేసి, పసుపు కుంకుమ పెట్టాక పట్టెడలు కట్టాను. మూపురం ముందు తెల్లటి మెడ మీద గోధుమ రంగు తోలు, దాని మీద నల్లటి రెండు గీతలు. తాత కూడా వచ్చారు. దాపట ఎద్దు గంగడోలు పక్కకి తీసి, అంచు గీత మీద బొటనవేలి గోరు పెట్టి మెడ చుట్టూ నడిపించారు. ఒక చోట ఆగారు. నేను వేడి తక్కువై వదిలేసిన రెండంగుళాలు అవి.

“దీన్ని విప్పినప్పుడు మళ్లీ కాల్చమ్మా” అన్నారు.

పండగ అయిన మర్నాడు విప్పి, ఆ రెండంగుళాల మీద వేడి క్రీజర్ నడిపి, పలచగా ఆముదం రాసి నీడన ఆరబెట్టాను.