కందిరీగ కుడితే ఇంతదాకా వస్తుందా?

"కందిరీగ కుడితే ఐసీయూలో పెట్టారా!" అని మా బంధువులు ఇప్పటికీ నవ్వుతారు. వాళ్ళను తప్పుపట్టలేను. మా పుట్టిల్లు తెనాలి పక్క పల్లెటూరు. చిన్నప్పుడు కందిరీగ కుట్టని పిల్లలు మా వీధిలో లేరు. కుట్టినచోట ఇనపముక్క రుద్దేవాళ్ళు, సున్నం రాసేవాళ్ళు, ఏడుపు ఆపమని చేతిలో బెల్లంముక్క పెట్టేవాళ్ళు. వైద్యం అంతే. నన్నూ కుట్టాయి. చెయ్యి బూరెలా పొంగి, మర్నాటికో ఆ మర్నాటికో తగ్గిపోయేది.

గుంటూరులో పట్టాభిపురం ఇంటి డాబా మీద జరిగింది మాత్రం వేరు. వానలు వెనకబట్టిన రోజులు. ఆరేసిన తువ్వాలు తీసి దులుపుతుంటే మెడ మీద చురుక్కుమంది. చెయ్యి పోయేలోపే చెవి వెనక ఇంకోటి. బట్టల బుట్ట తీసుకుని మెట్లు దిగుతుండగా అరచేతుల్లో దురద మొదలైంది. గోకితే తీరే దురద కాదు, చర్మం కింద ఎక్కడో. తర్వాత అరికాళ్ళు. కుట్టింది మెడ మీదైతే దురద కాళ్ళల్లో ఏమిటో అర్థం కాలేదు. పెదాలు మందంగా అయ్యాయి, నాలుక నోట్లో పట్టనట్టు అనిపించింది. కడుపులో మెలిపెట్టి వాంతి అయింది.

"ఏందమ్మాయ్, నీ మొహం అట్టా అయిపోయింది?" అన్నారు అత్తయ్య. జవాబు చెబుదామంటే గొంతు బొంగురుపోయింది. మొహం కడుక్కుందామని లేచాను. కళ్ళు చీకట్లు కమ్మాయి, పడిపోయాను.

మా ఆయన దగ్గర్లోని ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన అవిల్ ఇంజెక్షన్, ఒక స్టెరాయిడ్ ఇచ్చి, దద్దుర్లు పలచబడగానే "ఇంకేం ఫర్లేదు, ఇంటికి తీసుకెళ్ళండి" అన్నారు. దద్దుర్లు తగ్గిన మాట నిజమే. మిగతాది ఏదీ తగ్గలేదు. ఇంటికి తిరగాల్సిన ఆటోను మా ఆయన కొత్తపేట వైపు తిప్పించారు. ఆ నిర్ణయం ఎలా తీసుకున్నారంటే ఇప్పటికీ చెప్పలేరు. "నీ గోళ్ళు చూశాను" అంటారు, అంతే. శంకర్ విలాస్ బ్రిడ్జి మీద ట్రాఫిక్‌లో ఆటో ఆగినప్పుడు నాకు తెలిసింది ఒక్కటే: నేను చచ్చిపోతున్నాను. అతిశయోక్తి కాదు. అలా గట్టిగా అనిపించడం కూడా ఈ జబ్బు లక్షణాల్లో ఒకటని తర్వాత డాక్టరు గారు చెప్పారు.

కొత్తపేటలో ఒక ఆసుపత్రి క్యాజువాలిటీలో నన్ను కూర్చోనివ్వలేదు. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళ కింద దిండ్లు పెట్టారు. బీపీలో పై అంకె 70 ఉందని ఎవరో అరవడం వినిపించింది. చీర మీదుగానే తొడకు బయటివైపు సూది పొడిచారు. అడ్రినలిన్. ఐదు నిమిషాలకు ఇంకోటి. గుండె దడదడలాడింది, చేతులు వణికాయి, కానీ గొంతు విడింది. గాలి లోపలికి పోతోందని తెలిసింది. సాయంత్రానికి ఇంటికి పంపుతారనుకుంటే రాత్రికి ఉంచేశారు. అదీ మంచిదైంది. పదింటప్పుడు దద్దుర్లు, ఛాతీ బిగుతు మళ్ళీ మొదలయ్యాయి. విషం కొత్తగా ఎక్కక్కర్లేదు, మొదటి దెబ్బ సర్దుకున్నాక కొన్ని గంటలకు రెండో విడత వచ్చే వీలుందట.

దీన్ని అనాఫిలాక్సిస్ అంటారు. ఆ పేరు పెట్టిన ఫ్రెంచి శాస్త్రవేత్త చార్లెస్ రిషేకు ఈ పరిశోధనకే 1913లో నోబెల్ ఇచ్చారు. సముద్రజీవి విషాన్ని కుక్కలకు ఎక్కించి చూస్తే, మొదటిసారి తట్టుకున్నవి కొన్ని వారాల తర్వాత చాలా తక్కువ మోతాదుకే చనిపోయాయి. చిన్నప్పుడు అన్నిసార్లు కుట్టినా ఏమీ కాలేదే అని నేను అడిగినప్పుడు డాక్టరు గారు చెప్పిన కథ ఇది. అప్పుడు ఏమీ కాకపోవడం ఇప్పటికి హామీ కాదమ్మా, ఏదో ఒక కాటుతో ఒళ్ళు ఆ విషాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది అన్నారు.

అవిల్ సంగతి కూడా అప్పుడే తేలింది. అది దురదను, దద్దుర్లను తగ్గిస్తుంది. పడిపోయిన బీపీని లేపదు, మూసుకుపోతున్న గొంతును తెరవదు. ఆ రెండూ చేసేది అడ్రినలిన్. అవిల్ ఇవ్వకూడదని కాదు, ముందు ఇవ్వాల్సింది అది కాదు. మన ఊళ్ళలో ఏ ఎలర్జీకైనా మొదట చేతికొచ్చేది అవిలే కాబట్టి ఈ ముక్క కాస్త గట్టిగానే రాస్తున్నాను.

ఒళ్ళు త్వరగానే కోలుకుంది. మనసు కోలుకోవడానికి చాలాకాలం పట్టింది. ఫ్యాను మోటారు గుయ్యిమన్నా ఉలిక్కిపడేదాన్ని. డాబా ఎక్కడం మానేశాను. మామిడిపండ్ల బుట్ట వరండాలో పెడితే ఇంట్లో గొడవ చేసేదాన్ని, ఆ వాసనకి కందిరీగలు వస్తాయని. మా పక్కింటి వదిన "ఒక్క పురుక్కి అంత టెన్షన్ ఏంది?" అంది. టెన్షన్ పురుగు గురించి కాదు, మళ్ళీ కుడితే ఇంట్లో ఎవరూ ఏమీ చేయలేరనే.

ఎలర్జీ డాక్టరు గారి దగ్గర అది సగం తీరింది. ఆయన ముందు చూసింది నా బీపీ మాత్రల చీటీ. నేను వాడేది అటెనొలాల్. ఆ రకం మాత్ర ఒంట్లో ఉంటే అవసరానికి ఇచ్చిన అడ్రినలిన్ సరిగా పనిచేయకపోవచ్చట. వేరే మాత్రకు మార్చారు. (ఇది చదివి ఎవరూ సొంతంగా మాత్ర ఆపేయకండి, గుండెకు వాడేవాళ్ళు అసలే వద్దు.) రక్తపరీక్ష వెంటనే చేయించలేదు, కుట్టిన కొత్తల్లో తప్పుగా నెగటివ్ రావచ్చని నెల దాటాక చేయించారు. విషాన్నే సూక్ష్మమోతాదుల్లో మూడు నుంచి ఐదేళ్ళు ఎక్కించి ఒంటికి అలవాటు చేసే చికిత్స విదేశాల్లో మామూలే, బాగా పనిచేస్తుంది కూడా. నాకు మాత్రం ఆ మందు ఇక్కడ దొరకలేదు.

విదేశాల్లో జేబులో పెట్టుకునే పెన్నులాంటి అడ్రినలిన్ సూది కోసం మందుల షాపులన్నీ తిరిగినా లాభం లేకపోయింది. డాక్టరు గారు చీటీ మీద అదే మందు ఆంప్యూళ్ళు, అంటే మందు నింపి మూసిన చిన్న గాజు బుడ్లు రాశారు. గోధుమరంగు గాజు, ఒక్కోదాంట్లో 1 మిల్లీలీటరు, 1 మిల్లీగ్రాము. పెద్దవాళ్ళకు అందులో సగం, అంటే 0.5. ఖరీదు టిఫిను పాటి కూడా లేదు. దాంతోపాటు సిరంజి. అత్తయ్య వాడే ఇన్సులిన్ సిరంజి సరిపోదా అని మా ఆయన అడిగారు. దాని సూది పొట్టిది, తొడ కండ దాకా దిగదు. అంగుళం సూది కావాలి.

నేర్చుకోవడం బత్తాయిల మీద జరిగింది. మా అమ్మాయి మొదటిరోజే పట్టేసింది. ఆంప్యూల్ మెడ మీద చుక్క చూసుకుని, దూది అడ్డం పెట్టి అటువైపుకి విరవడం, లాగడం, బుడగ తీయడం. మా ఆయన మిర్చి యార్డులో కమీషన్ కొట్టు నడిపే మనిషి, సూదంటే మొహం తిప్పుకుంటారు. యార్డుకు వేసవి సెలవులిచ్చినప్పుడు కూర్చోబెట్టి చేయించింది అమ్మాయి. "నాన్నా, బత్తాయిని పొడవాలి, టేబుల్‌ని కాదు" అని దాని గోల. డబ్బా ఎక్కడ పెట్టాలన్నది ఇంకో చర్చ. గుంటూరు ఎండలకు స్కూటీ డిక్కీలో గానీ కారులో గానీ వదిలితే మందు చెడిపోతుంది. వెలుతురు తగలకూడదు. రంగు మారితే పారేయాలి. ఇంట్లో చల్లటి అలమారలో ఒకటి, నా హ్యాండ్‌బ్యాగులో ఒకటి ఉంటాయి.

ఇల్లు కూడా కొంచెం మారింది. కిటికీలకు మెష్ కొట్టించాం. సన్‌షేడ్ల కింద, మోటారు పెట్టెలో, గేటు పైపు బోలులో, ఏసీ బయటి యూనిట్ వెనక వారానికోసారి మా ఆయన టార్చి వేసి చూస్తారు. తుట్టె మొదట్లో ఒకటి రెండు ఈగలతో కొద్ది గదులే ఉంటుంది. అప్పుడే చీకటిపడ్డాక తీసేస్తే పని తేలిక. పెద్దదైతే పెస్ట్ కంట్రోల్ వాళ్ళను పిలవాల్సిందే. కిరసనాయిలు కాగడాతో మాత్రం ఒద్దని చెప్పేశాను. నా ఎలర్జీ కోసం ఇల్లు తగలబెట్టుకోలేం.

గోడ మీది మట్టిగూళ్ళను ముట్టుకోవడం లేదు. అవి ఒంటరి కందిరీగలవి, సాలీళ్ళను, గొంగళిపురుగులను కుట్టి మొద్దుబారేలా చేసి పిల్లలకు మేతగా లోపల దాస్తాయి, మన జోలికి రావడం అరుదు. ఇంట్లో మట్టిగూడు కడితే ఎవరో నెల తప్పుతారని అత్తయ్య నమ్మకం, పగలగొట్టనివ్వరు. ఆవిడ మాటా డాక్టరు గారి మాటా కలిసిన విషయం ఇదొక్కటే.

మెష్ వెనక నిలబడి చూడటం అలవాటైంది. పాత స్టోర్‌రూమ్ తలుపు మీద కందిరీగ కూర్చుని చెక్కను గీరుతుంటే చిన్న గరగర వినిపిస్తుంది. అది పోయాక చెక్క మీద సన్నటి తెల్లగీత మిగులుతుంది. ఆ పొడినే ఉమ్మితో కలిపి కాగితంలాంటి తుట్టె కడతాయి. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్‌సీ)లో రాఘవేంద్ర గదగ్కర్ అనే శాస్త్రవేత్త దశాబ్దాలపాటు ఇలాంటి కందిరీగల సంఘజీవనాన్నే గమనించారని తెలిసి ఆశ్చర్యపోయాను. ఒకరోజు నడుముకు ఒకే పసుపుపట్టీ ఉన్న నల్లటి పెద్ద కందిరీగ ఒకటి వచ్చి సన్‌షేడ్ కింది తుట్టెలో పిల్లపురుగులను ఒక్కొక్కటే లాక్కుపోయింది. తుట్టెవాళ్ళు పక్కకు తప్పుకుని చూస్తుండిపోయారు. పాపం అనిపించింది, అది నాకే విచిత్రంగా తోచింది.

మొన్న వేసవిలో తెనాలిలో పెళ్ళికి వెళ్ళినప్పుడు మళ్ళీ కుట్టింది. చేతులు కడుక్కునే పంపు దగ్గర, మోచేతి మీద. అరచేతుల్లో దురద మొదలవగానే చాప మీద పడుకుని బ్యాగు మా ఆయన చేతికిచ్చాను. ఆయన చేతులు వణికాయి. అయినా సూది సరిగ్గానే దిగింది. చుట్టూ చేరినవాళ్ళు లేపి కూర్చోబెట్టబోతే "లేపొద్దు, పడుకోనీండి" అని అరిచారు, పెళ్ళిపందిట్లో అందరూ అటు తిరిగారు. 108 వచ్చేసరికి గొంతు మామూలుగానే ఉంది. ఆసుపత్రిలో రెండో డోసు అవసరం పడలేదు, రాత్రికి మాత్రం ఉంచుకున్నారు.

డ్యూటీ డాక్టరమ్మాయి నా తొడ చూసి "ఎవరిచ్చారండీ, నర్సా?" అంది.

"నేనేనమ్మా. మిర్చి యార్డులో కొట్టు మాది" అన్నారు మా ఆయన.

మర్నాడు గుంటూరు బస్సు ఎక్కేముందు వాడేసిన ఆంప్యూల్ బదులు రెండు కొన్నాం. వాటి గడువు తేదీ చదివి ఫోన్‌లో అలారం పెట్టింది ఆయనే.