గుండుమల్లె మొగ్గ: ఏడో సాయంత్రం

మళ్లీ పోయింది. విచ్చుకుంటున్న మొగ్గని ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ వరసగా తీసి, ఆ ఫ్రేములన్నీ కలిపి ముందు నుంచి వెనకదాకా స్పష్టంగా ఉండే ఒకే బొమ్మ చేయాలని నా తంటా. నిన్న సాయంత్రం తీసిన 28 ఫ్రేములూ కలిపి చూస్తే మల్లెమొగ్గకి రేకు రేకుకీ రెండేసి అంచులు. వరసగా ఇది ఏడో సాయంత్రం.

మొదట్లో తప్పంతా గాలి మీదకి నెట్టాను. డాబా మీద కుండీ దగ్గరే తీస్తుంటే ఊగుతోందని కొమ్మ తుంచి, సీసాలో పెట్టి గదిలోకి తెచ్చా. కోసిన మొగ్గైనా వేళకి విచ్చుకుంటుంది, మాల కట్టేవాళ్లకి తెలిసిందే. ఫ్యాను ఆపేశా. రాజమండ్రిలో మే నెల! తలకి తువ్వాలు చుట్టుకుని తీసినా అవే జోడు అంచులు. తర్వాత అనుమానం స్టాండు మీదకి, అక్కణ్ణుంచి కెమెరాని ముందుకీ వెనక్కీ జరిపే నా చవక పట్టా (ఫోకస్ రైల్) మీదకి పోయింది. దాని మర కాస్త వదులే, పాపం, కానీ ఈ నేరం దానిది కాదు. ఐదో రోజు మొగ్గ పక్కనే గుండుసూది నిలబెట్టి తీశా. కలిపిన బొమ్మలో సూది మీది గీతలు కూడా కనిపిస్తున్నాయి, మొగ్గ మాత్రం అలికినట్టుంది. అంటే కెమెరా కదలట్లేదు. కదిలేది మొగ్గే.

నిన్న స్కేలు పెట్టి కొలిచా. 6:50 నుంచి 7:30 లోపు రేకు కొస 9 మి.మీ. జరిగింది, నిమిషానికి 0.22 పైనే. టామ్రాన్ 90 మాక్రో లెన్సుతో 1:1లో, అంటే సెన్సర్ మీద మొగ్గ అసలు సైజులోనే పడేలా, లెన్సు రంధ్రం ఎఫ్/8 దగ్గర పెడితే ఫోకస్ నిలిచే లోతు 0.6 మి.మీ. మాత్రమే. అందుకని 0.4 చొప్పున జరుపుకుంటూ పోతే 11 మి.మీ. మొగ్గకి 28 ఫ్రేములు కావాలి. మర తిప్పడం, అదురు ఆగేదాకా చూడ్డం, క్లిక్కు: ఒక్కోదానికి 8 సెకన్లు, మొత్తం నాలుగు నిమిషాలకి కాస్త తక్కువ. ఈలోగా రేకు 0.8 మి.మీ. దాటిపోతోంది. నా నికాన్ డీ7500 కెమెరా సెన్సర్ మీద అది దాదాపు 200 పిక్సెళ్లు! గోడాక్స్ ఫ్లాష్ పెట్టి, అదురు ఆగేదాకా చూడకుండా 70 సెకన్లలో ముగించినా ఇంకా 60 పిక్సెళ్ల తేడా.

చల్లబెడితే నెమ్మదిస్తుందేమోనని కొమ్మని పావుగంట ఫ్రిజ్‌లో ఉంచా. నిజంగానే నెమ్మదించింది. కానీ బయటికి తీసిన నిమిషంలో రేకుల నిండా చెమ్మ, ఆ చుక్కలు ఉబ్బి జారడం మొదలెట్టాయి. గది నిండా వాసన, తెర మీద చెత్త. "దేవుడికి నాలుగు పూలైనా మిగుల్చరా" అని అమ్మ గుమ్మంలోంచి.

ఫ్రేములు కలిపే జెరీన్ సాఫ్ట్‌వేర్‌లో పీమ్యాక్స్ పద్ధతి ఈగలకీ చీమలకీ దివ్యంగా ఉంటుంది గానీ తెల్ల రేకులకి నాకు నచ్చదు. నునుపంతా పోయి గరగరలాడుతుంది. తెలుపుకి అందులోనే ఉన్న డీమ్యాప్ పద్ధతే మేలు. కొత్తగా మొదలెట్టేవాళ్లు మాక్రో లెన్సు కొనేముందు ఉన్న లెన్సు ముందే రేనాక్స్ డీసీఆర్-250 అనే భూతద్దం తగిలించి చూడండి, సగం మోజు అక్కడే తీరుతుంది.



రేపటి ఆలోచన: 1:1 మీద పట్టుదల వదిలేసి 1:2కి, అంటే సగం సైజుకి దిగడం. రంధ్రం ఇంకా చిన్నది చేసి ఎఫ్/11లో తీస్తే లోతు రెండున్నర మి.మీ. దాటుతుంది, ఆరు ఫ్రేములు చాలు. ఫ్లాష్‌తో పది, పన్నెండు సెకన్లలో అయిపోవాలి. ఆ లెక్కన జరుగుడు ఐదు పిక్సెళ్లే, సాఫ్ట్‌వేర్ సర్దుకుంటుంది. తర్వాత కత్తిరించుకుంటే సరి. కడియం నర్సరీలో తెచ్చిన మొక్కకి ఇంకో పది మొగ్గలున్నాయి, అమ్మ వాటా పోను.

వానలు మొదలైతే పక్కింటి పిన్నిగారి బ్రహ్మకమలం. మన ఇళ్లలో పెంచేది హిమాలయాల్లోది కాదు, మెక్సికో వైపు నుంచి వచ్చిన కాక్టస్ జాతి. అయినా పూసిన రాత్రి అందరం లేచి కూర్చుంటాం. వేలాడే మొగ్గ మెడ పైకెత్తగానే కబురు పంపమని ఆవిడకి ఇప్పుడే చెప్పి పెట్టా. అది అరచేయంత పువ్వు కాబట్టి 1:2 కూడా అక్కర్లేదు, కానీ అదెంత వేగంగా కదులుతుందో ముందు స్కేలు పెట్టి చూడాలి.