మేకు గుచ్చుకున్నా చెప్పమాక అన్నా అన్నాడు

దుబాయ్‌లో మా సైట్ గేటు దగ్గర పెద్ద బోర్డు ఉండేది, యాక్సిడెంట్ లేకుండా ఎన్ని గంటలు పని జరిగిందో దాని మీద రోజూ అంకె మార్చేవాళ్ళు. నెలాఖరు దాకా అది నిలబడితే మా గ్యాంగులో మనిషికి 50 దిర్హాములు సేఫ్టీ బోనస్. ఒక్కడికి దెబ్బ తగిలి రిపోర్టు అయితే 22 మందికీ పోయినట్టే.

50 దిర్హాములకి అంత ఆశేంటి అనుకోకండి. అక్కడ కాంట్రాక్టులో బేసిక్ తక్కువ రాసి మిగతాదంతా అలవెన్సుల కింద చూపిస్తారు. ఓటీకి, అంటే అదనపు గంటల పనికి, 25 శాతం కలిపి ఇచ్చేది ఆ బేసిక్ మీదే, చివర్లో వచ్చే గ్రాట్యుటీ కూడా మొదటి 5 ఏళ్ళకి ఏడాదికి 21 రోజుల జీతం అని చెప్తారు గానీ అదీ బేసిక్ లెక్కే. మనం చూసుకునేది మొత్తం జీతం, వాళ్ళు లెక్కేసేది బేసిక్. అందుకని చేతికి విడిగా వచ్చే 50 అంటే అందరికీ ప్రాణం.

2017లో మా గ్యాంగులోకి తెనాలి పక్క నుంచి ఒక కుర్రాడు వచ్చాడు, సెంట్రింగ్ పని. స్లాబ్ కింద చెక్కలు ఊడదీస్తుంటే మేకు తేలిన చెక్క మీద కాలేశాడు. షూ అడుగు బాగా అరిగిపోయి ఉంది, గుచ్చుకుంది. సాయంత్రం రూముకొచ్చి షూ ఊడదీస్తే సాక్సు రక్తానికి అతుక్కుపోయి రావట్లేదు, నీళ్ళు పోసి మెల్లగా లాగాం. ఫోర్‌మన్‌కి చెప్తా పదరా అంటే చెయ్యి పట్టుకుని, చెప్పమాక అన్నా, నెలాఖరుకి ఇంకా 4 రోజులే ఉంది, నా మూలంగా అందరి డబ్బులూ పోతే నన్ను ఎవరు చూస్తారు ఈ రూములో అన్నాడు. నేను సరే అన్నాను. పసుపు పెట్టి గుడ్డ కట్టాను. ఆ సరే అన్నందుకు ఇప్పటికీ నాకు మనసు ఒప్పుకోదు.

మూడో రోజుకి జ్వరం, కాలు చీలమండ దాకా వాచిపోయింది. హాస్పిటల్లో కోసి చీము తీశారు, 3 వారాలు పనిలోకి రాలేదు. బోనస్ ఎలాగూ పోయింది.

తప్పు ఆ కుర్రాడిది కాదు, బోనస్ పెట్టిన పద్ధతిది. దెబ్బ తగలకపోతే డబ్బులు అన్నారు గానీ అక్కడ జరిగింది దెబ్బ చెప్పకపోతే డబ్బులు. అమెరికాలో పనివాళ్ళ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఓషా వాళ్ళు 2016లో తెచ్చిన రూల్లో కూడా ఇదే గొడవ వచ్చింది, దెబ్బలు చెప్పకుండా భయపెట్టేలా బోనస్‌లు ఉండకూడదని. చదివి తెలుసుకున్నాక నాకు ఆ సాక్సే గుర్తొచ్చింది.

ఇప్పుడు నేను గుంటూరులో గోరంట్ల వైపు ఒక అపార్ట్‌మెంట్ పనికి సూపర్‌వైజర్‌ని. ఓనరుగారిని ఒప్పించి వేరేలా పెట్టాం. తేలిన మేకు, కదిలే చెక్క, ఊడిన వైరు ఏది చూపించినా శనివారం బట్వాడాలో అందరి ముందు పిలిచి వంద ఇస్తాం. దెబ్బ తగిలినోడి కూలి కొయ్యం, ఆటో ఎక్కించి హాస్పిటల్‌కి పంపిస్తాం.

మొదట్లో ఓనరుగారు, డబ్బులిచ్చి మన తప్పులు మనమే చెప్పించుకోవడం ఏంటయ్యా అన్నారు. నిజంగానే మొదటి 2 వారాలు ఎవరూ నోరు తెరవలేదు, మేస్త్రికి కోపం వస్తుందని భయం. తర్వాత ఇటుకలు మోసే ఒక పెద్దావిడ వచ్చి, అయ్యా మూడో అంతస్తులో లిఫ్టు గుంత మీద చెక్క ఊగుతోంది, నిన్న నా కాలు జారబోయింది అంది. పైకెళ్ళి చూస్తే చెక్కకి ఒక పక్కన ఆనికే లేదు, కాలేస్తే నేరుగా కిందకే. మధ్యాహ్నం అన్నం టైముకి ముందే రాడ్లు అడ్డం కట్టించి మూయించాను. ఆ శనివారం ఆవిడకి వంద ఓనరుగారే తన చేత్తో ఇచ్చారు.

తెనాలి కుర్రాడు ఇప్పుడు మస్కట్‌లో ఉన్నాడు. మొన్న ఫోన్ చేసి ఇక్కడా అలాంటి బోర్డే పెట్టారన్నా అన్నాడు. బోర్డు సంగతి తర్వాత, ముందు షూ అరిగితే ఆ రోజే మార్చమని అడుగు అన్నాను. అడిగానన్నా, ఇచ్చారు అన్నాడు.