పాత గూడ్సు పెట్టెలకు కొత్త చక్రాలు

నల్గొండ మీదుగా సాగే బీబీనగర్–గుంటూరు మార్గంలో సిమెంటు, బియ్యం మోసే గూడ్సు బండ్లను చూస్తూ పెరిగినందువల్ల, ఇంట్లో వేసుకున్న 16.5 మిల్లీమీటర్ల వెడల్పు నమూనా రైలు పట్టాలపై కూడా నాకు సరుకు వ్యాగన్లే ప్రాణం.

1:87 నిష్పత్తి గల, అంటే అసలు దానిలో 87వ వంతు కొలతతో చేసిన పాత నమూనా వ్యాగన్ చేతికి వస్తే, ముందుగా మురికి పట్టే ప్లాస్టిక్ చక్రాలను తీసి లోహపు చక్రాలు బిగిస్తాను. పెట్టెలను ఒకదానితో ఒకటి కలిపే కప్లర్లను కూడా అప్పుడే మారుస్తాను. అయితే అన్నిటికన్నా ముఖ్యమైనది బరువు. అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ సిఫారసు ప్రకారం ఈ కొలత వ్యాగన్‌కు ఒక ఔన్సు, దానిపై పొడవులో ప్రతి అంగుళానికి అర ఔన్సు చొప్పున బరువు ఉండాలి. అంటే 6 అంగుళాల పెట్టె సుమారు 113 గ్రాములు తూగాలి. తేలికైన పెట్టె వంపుల్లో సులభంగా పట్టాలు తప్పుతుంది కనుక, లోపల అడుగుభాగానికి ఆనించి ఇనుప వాషర్లను అతికిస్తాను. పాత రంగు పెచ్చులూడకుండా ఉంటే దానిని తొలగించను. సరుకు బండికి వెలిసిన రంగే అందమని నా అభిప్రాయం.